పదిహేను రోజుల పన్ను

నెల్లూరులో చదివేప్పుడు
నలభై బిళ్ళలు చేశాను, రూపాయి కంటే చిన్నవి,
రెండు మిల్లీమీటర్ల మందం.
పది టీలో, పది కాఫీలో,
పది పసుపునీళ్ళలో, పది ఉత్త నీళ్ళలో
నెల రోజులు ఒంటివేడిలో నానబెట్టాను.
పసుపే గెలిచింది.
తర్వాత చువ్వల్లా పోసిన ఇంకొన్నిటిని
మిషను దవడల మధ్య పెట్టి
ఏ బరువుకు విరిగిందో రాసుకున్నాను.
చప్పుడు రాసుకోలేదు.
జంతిక విరిగినట్టే ఉంటుంది.

ఇప్పుడు కనిగిరి.
పామూరు రోడ్డులో ఎరువుల కొట్టు పైన మేడ.
మెట్లెక్కి వచ్చేవాళ్ళ పళ్ళన్నిటి మీదా
బోరునీళ్ళ సంతకం:
సుద్దతెలుపు మీద గోధుమ చారలు,
అక్కడక్కడా పెచ్చులూడిన గుంటలు.

మాలకొండమ్మది ముందు పన్ను.
మేకపిల్ల తలెగరేస్తే విరిగిందంది.
షేడ్ గైడు విప్పాను. పదహారు పళ్ళు,
అన్నీ ఏ దేశంలోనో నవ్వినవి.
ఒక్కోటీ ఆమె పెదవి పక్కన పెట్టి చూశాను.
"మా ఊరి నీళ్ళు తాగని పళ్ళల్లో
నా రంగు యాడ దొరుకుద్దమ్మా?"
అని నవ్వి, నవ్వుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.
ఇక్కడ అందరికీ ఆ చెయ్యి దానంతటదే లేస్తుంది.
నేను పెన్న నీళ్ళతో పెరిగినదాన్ని.
నా చేతికి ఆ పని తెలీదు.

అసలు క్యాపు ఒంగోలు ల్యాబు నుంచి రావాలి.
అప్పటిదాకా పొడీ ద్రవమూ కలిపి
వేడెక్కుతున్న ముద్దను పంటి మీద ఒత్తి
టెంపరరీది చేసిపెట్టాను.
"పదిహేను రోజులే. గట్టివి కొరకొద్దు.
టీ తగ్గించు. పసుపూ, పులుసూ..."
అంటూ ఆగిపోయాను.
ఇంకేం తినమంటాను.

ఆమె రాలేదు.
ఒంగోలు పన్ను డబ్బాలో, దూది మీద పడుకుంది.
కందికోతలయ్యాయి. పొగాకు బ్యారన్లు వెలిగాయి, ఆరాయి.
ఫోను చేస్తే ఎవరో ఎత్తి
"మేకలకాడికి పొయ్యింది" అనేవాళ్ళు.

ఏడో నెలలో వచ్చింది. అదీ తన కోసం కాదు,
మనవరాలి పాలపన్ను కదులుతోందని.
ముందు నువ్వు నోరు తెరువన్నాను.
నేను చేసింది ఏదో
వెంటనే పట్టలేకపోయాను.

టీ ఎక్కింది. పసుపు ఎక్కింది.
వక్కాకు ఒక అంచున ఎక్కింది.
థీసిస్‌లో నేను పట్టీలు గీసి
పనికిరాదని తేల్చిన రంగంతా
ఒక్క పన్నులో చేరి,
పక్కపళ్ళతో పాటు పుట్టినదానిలా కూచుంది.
వేలితో తట్టాను. అడ్డంగా వెంట్రుకంత బీట.
ఇవాళో రేపో ఒక శనగ్గింజ చాలు.

దూదిలోది తీసి అద్దం ఇచ్చాను.
చాలాసేపు చూసుకుంది.
"బాగుంది గానీ,
ఇది పక్కవాటిని ఎత్తి చూపుద్దమ్మా."

ల్యాబులో గురవయ్యకు ఫోను చేశాను.
"వెనక్కి పంపిస్తున్నా. చార వెయ్యాలి,
ఎడమ అంచు నుంచి, టీ డికాషను రంగు,
మధ్యలో తెగిపోవాలి."
"తెల్లగా వచ్చినదాన్ని చెడగొట్టమంటున్నారా మేడమ్?"
లైన్లో ఉండమని
మళ్ళీ ఆమె నోట్లోకి చూశాను.
ఈసారి చెయ్యి అడ్డం రాలేదు,
దవడ నేను పట్టుకుని ఉన్నాను కాబట్టి.