కిలో రాయి

ఫీల్‌ఖాన సందుల మా దుకాణానికి బోర్డు లేదు.
గొలుసుకు ఏలాడే ఇత్తడి చిప్పలు రెండు,
గాలికి ఒకదాన్నొకటి తాకుతుంటయి.
అదే బోర్డు.

నేను కోడలిగా అడుగుపెట్టిన ఏడే
ఎలక్ట్రానిక్ కాంటాలు దిగినయి.
"ముల్లు లేని కాంటను ఎట్ల నమ్మాలె?"
అన్నడు మా మామ, శ్రీరామోజు ఈశ్వరాచారి.
అన్నంక మళ్ల దాన్ని ముట్టలే.
వంటింట్ల పాత చీర పరిచి
మొదటి కాంటను నేనే విప్పిన.
లోడ్‌సెల్లు మీద ఎండిన బెల్లం పాకం, రెండు చీమలు.
తుడిచి బిగిస్తే సున్నా కదలకుండ నిలిచింది.
మామ చూడనట్టే చూసి
గల్లపెట్టె తాళంచెవి నా దిక్కు జరిపిండు.

తక్కెడ మీద సామెతలు చెప్పేటోళ్లు శానమంది.
మామ ఒక్కటీ చెప్పలే.
ఆయనకు తెల్సిందల్ల ఆకురాయి, సీసం, చింతపండు నీళ్లు,
ఏటా ముద్రలేయ వచ్చే ఇన్‌స్పెక్టరుకు మలై చాయ్.

ఒక్కటే సమజయ్యేది కాదు.
సందు మూలకే కిరాణం ఉండంగ
ప్రతి బేస్తారం ఉస్మాన్‌గంజ్ దాక నడిచి
ఘీసూలాల్ దుకాణంల కిలో కందిపప్పు తెచ్చేటోడు.
రాళ్ల పప్పు, ఎంతకూ ఉడకని పప్పు.
అత్తమ్మ పైకే తిట్టేది, నేను లోపల.
మోకాళ్లు పోయినంక ఆటోల పోయిండు,
పప్పు కంటె కిరాయే ఎక్కువ.

మామ పోయిన మరుసటేడు
ఘీసూలాల్ మనుమడు గోనెసంచి దించిండు.
అన్ని పాత తూకపు రాళ్లు,
ఇనుం లెక్కన తీస్కోమన్నడు.
చెయ్యి ఊకోక ఓ కిలో రాయిని కాంట మీద పెట్టిన.
తొమ్మిది వందల నలభై.
తీసి మళ్ల పెట్టిన.
బోర్లించి గోకితే పైన రేకంత సీసం,
ముద్ర చెదరలే,
లోపలంత లక్క.
అంత సాపుగ పోసే చెయ్యి
ఈ బజార్ల ఒక్కటే ఉండె.

గౌస్ మియాను అడిగిన.
చాయ్ సాసర్ల పోసుకుంట,
"మీ అత్తమ్మకు ఆపరేషనైన ఏడు," అన్నడు,
"పన్నెండు వందలు తక్కువ పడ్డయ్."
సాసరు కింద పెట్టి
మళ్ల స్ప్రింగు బిగించుకుంట కూసున్నడు.

రాత్రి గల్లకాడ లెక్క కట్టిన.
కిలోకు అరవై గ్రాములు,
ఏడాదికి యాభై రెండు బేస్తారాలు,
ముప్ఫై ఒక్క ఏండ్లు.
మూడు కిలోలు తక్కువ క్వింటాలు
మా ఇంటి కుండలకెంచి పోయింది.
ఆ రాయితోని కొన్న మిగతోళ్ల ఇండ్లల్ల
ఎంత పోయిందో
నా కాడున్న ఏ కాంటా చూపెట్టదు.

పిలగానికి నిండు కిలో పైసలే ఇచ్చిన.
రాయి ఇప్పుడు కరెంటు బిల్లుల మీదుంది.
ఫ్యాను ఎంత తిరిగినా కాయిదం లేవదు.

బేస్తారం పొద్దుగాల్నే
అత్తమ్మ మామ సంచి దులిపి చేతికిచ్చింది.
"పప్పు ఉస్మాన్‌గంజ్‌ల్నే తే" అన్నది.
ఇన్నేండ్లు తిట్టిన నోరే.
నా మొకం దిక్కు మాత్రం చూడలే.