ఏడో పూత

స్ట్రామ్‌నెస్ రేవులో గాలి
ఎప్పుడూ ఎవరి మీదో కోపంగానే ఉంటుంది.
అందుకే తలుపు కింద గోనెపట్టా కుక్కి,
నేల మీద నీళ్లు చిలకరించి,
దుమ్మును బుజ్జగించి కూర్చోబెట్టి
అప్పుడు తీస్తాను డబ్బా మూత.

మూరెడు పడవ.
డవీనా ఫ్లెట్ అడిగింది,
వాళ్ల నాన్న 'మెర్రన్' మళ్లీ కావాలని.
ఇచ్చింది ఒక్కటే ఫోటో.
అందులో సగం పొగమంచు,
మిగతా సగం ఎవరిదో భుజం.

మొదటి పూతను చెక్క తాగేసింది
దాహమేసిన దూడలా, తల ఎత్తకుండా.
పొద్దున చూస్తే ఒళ్లంతా గరుకు,
చలికి రోమాలు లేచినట్టు పీచు లేచింది.
తడి గరుకు కాయితంతో రుద్దుతాను,
పీచు ఎటు పోతే అటే, ఎదురు పోకుండా.
వేసినదాంట్లో సగం గీకేసి కడిగేస్తుంటే
ఎఫీ అంటుంది:
ఆ డబ్బులేవో నేరుగా సముద్రంలో పోయొచ్చుగా,
భుజం నొప్పయినా మిగిలేది.

నునుపు చూడ్డానికి వేళ్లు పనికిరావు.
యాభై ఏళ్లు తాళ్లు లాగిన వేళ్లు
అబద్ధాలు చెబుతాయి.
కింది పెదవి ఆనించి చూస్తాను,
పసివాడికి జ్వరముందేమో చూసినట్టు.
ఓసారి ఎఫీ తలుపు తోసి ఇది చూసింది.
ఏమీ అనలేదు.
టీ అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

కింద ఎరుపు, పైన నలుపు,
మధ్యలో దారమంత తెల్ల గీత.
గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి.
నా ఊపిరి ఈ మధ్య నా మాట వినడం లేదు.
రెండు దమ్ముల్లో గీశాను.
అతుకెక్కడుందో చెప్పను.

నిజం చెప్పాలంటే
మెర్రన్ ఒక్కనాడూ మెరవలేదు.
పీతల బుట్టలు రాసుకుని రాసుకుని
పక్కలు పొలుసులు లేచి ఉండేవి.
ఒక చోట తారు,
ఇంకో చోట బడి కిటికీలకు వేయగా మిగిలిన పచ్చరంగు.
చేప రంగు చూసి రాదురా, అనేవాడు జేమ్సీ ఫ్లెట్.
అన్నీ గుర్తే నాకు.
అయినా ఏం చేయను, చేతికి మెరుపే వచ్చు.

ఏడోది రంగు లేని వార్నిష్.
రాత్రి పదకొండుకు గాలి పడుకున్నాక
ముక్కు నుంచి వెనక దాకా ఒక్క లాగు.
వెనక్కి వెళ్లి దిద్దావో, చెడిందే.
నల్లటి పక్కలో దీపం తలకిందులుగా వెలిగింది,
దాని కింద నా మొహం,
చెంచాలో చూసుకున్నట్టు వంకరగా.
మురిసిపోయి ఇంకాస్త వంగాను.

అప్పుడు రాలింది.
కనుబొమ్మ వెంట్రుక, తెల్లది,
కుడి పక్కన, ముక్కుకు జానెడు వెనక.
సూదితో తీయబోతే పూత ముడత పడుతోంది.
తిట్టాను.
ఇక్కడి తిట్లన్నీ అయిపోయాక
నార్వే ఓడలో నేర్చుకున్నవి కూడా.

గీకి మళ్లీ వేద్దామంటే
గురువారం వస్తానన్న మనిషి
బుధవారమే వచ్చింది.
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
చుట్టూ తిరిగింది.
మెరుపు గురించి ఒక్క మాట లేదు.
కుడి పక్కన ఆగింది.
గోటితో ముట్టింది. అది కదల్లేదు.

"రేవు రాయి గీసిన గీత కదూ ఇది?
నాకు తొమ్మిదేళ్లు.
మొదటిసారి చుక్కాని నా చేతికిచ్చాడు,
తీసుకెళ్లి గోడకు కొట్టాను.
ఎన్నిసార్లు రంగులేసినా
దాన్ని మాత్రం కప్పనివ్వలేదు నాన్న.
నీకెలా గుర్తుంది?"

చెప్పాల్సింది.
టీ తాగుతావా అన్నాను.

పడవను శాలువాలో చుట్టుకుని
గాలికి అడ్డంగా వీపు పెట్టి
వీధి దిగిపోయింది.

డబ్బు ఇచ్చిందా, అంది ఎఫీ.
సగమే తీసుకున్నాను.

ఎఫీ నా మొహం వంక,
ముఖ్యంగా కనుబొమ్మల వంక కాసేపు చూసి,
బల్ల కింద మూత వెతికి
డబ్బాకు బిగించింది, గట్టిగా.