మూడో షెడ్డులో ఒక మాట

పైనుంచి కాయితం వచ్చింది:
మూడో షెడ్డులో సరుకంతా తూచి, రాసి,
ప్రతి వరస చివరా ‘అబ్సొలీట్’ అని ముద్ర కొట్టమని.

సింధియా గేటు బయట ఉప్పుగాలి.
లోపల గ్రీజు వాసన, పావురాల రెట్ట.
కలాసీ మాసేను డ్రమ్ము మూత ఊడదీశాడు.
రివిట్లు.
గోనెపట్టా కింద నిగనిగలాడుతూ
ఒక్క సమ్మెట దెబ్బయినా ఎరగని రివిట్లు.

“ఏటి బాబూ ఆ ముద్ర? పాడైపోనాయా?”
లేదు.
“తుప్పట్టీసినాయా?”
నువ్వే చూస్తున్నావుగా.
“మరేటి?”

పాతవి అందామా, బారసాల గిన్నెల్లా మెరుస్తున్నాయి.
కాలం చెల్లినవి అందామా,
అది మందుసీసాల మాట, రద్దయిన నోట్ల మాట.
మూలపడ్డవి అంటే
ఎప్పుడో ఒకప్పుడు నడిచినట్టు.
ఇవి షెడ్డు గుమ్మమే దాటలేదు.
ఓడ రేకుల్ని వెల్డింగుతో అతకడం మొదలెట్టాక
వీటికి తల ఉంది, ఒళ్లుంది,
దూరడానికి కన్నమే లేదు.

అంత పొడుగు చెప్పలేక
“పని వచ్చు, పని లేదు” అన్నాను.

మాసేను నవ్వలేదు.
“మా అయ్య రివిట్ల గేంగు బాబూ.
ఎర్రగా కాలిందాన్ని కిందనుంచి పట్కారుతో ఇసిరితే
పైన గాల్లోనే డబ్బాతో పట్టీసీవోడు.
ఆ మోతకి సెవులు పోనాయి.
మల్కాపురంలో మా ఇంట్లో ఇప్పటికీ
అందరం అరిసే మాటాడతాం,
ఆయన పోయి పన్నెండేళ్లయినా.”

కాయితం అడుగున సన్నక్షరాల్లో ఉంది:
ఈ మాట వస్తువులకు మాత్రమే వాడవలెను.
మనుషులకి వేరే ఉంది, సర్‌ప్లస్.
ఆ ముద్ర హెడ్డాఫీసులో ఉంటుంది.

సాయంత్రం దాకా కొట్టాను.
ఊదా సిరా బొటనవేలికి అంటి
సబ్బుకి పోలేదు.
బస్సు కోసం నిలబడితే
యారాడ కొండ మీద దీపం తిరగడం మొదలెట్టింది.
ఇప్పుడు చిన్న చిన్న పడవల్లోనూ జీపీఎస్ ఉంది.
దానికింకా ఎవరూ చెప్పినట్టు లేదు.

మాసేను ప్యాంటు జేబు
ఒక పక్కకి బరువుగా వాలింది.
“మా ఆడది అల్లం దంచుకుంటాది”
అన్నాడు, నేనడక్కుండానే.

రిజిస్టర్లో డ్రమ్ము బరువు
పొద్దున్న తూచిందే ఉంచేశాను.