పదకొండున్నర బస్సు

రాత్రి పదకొండున్నరకి
పార్కు వెనక గేటు దగ్గర నా బస్సు ఆగుతుంది.
ముందు గేటుకి దీపాల తోరణాలు,
వెనక గేటుకి ఒకటే బల్బు, దాని చుట్టూ
ఈరీ సరస్సు మీంచి లేచొచ్చిన జూన్ పురుగులు.
అద్దం నిండా అతుక్కుంటాయి.
వైపర్ తిప్పితే జిడ్డు గీతలు.

ఒక్కొక్కరే ఎక్కుతారు. ఎవరూ మాట్లాడరు.
పొద్దుట్నించీ నవ్విన నవ్వు
బుగ్గల్లోంచి ఇంకా దిగదు పాపం,
పట్టేసిన పిక్కలా అక్కడే ఉంటుంది.

చొక్కా మీద బిళ్ళ. బిళ్ళ మీద పేరు.
పేరు కింద ఊరు.
పేరు పలకలేక జనం ఊరి సంగతి అడుగుతారు,
ఊరెక్కడో తెలియక "బాగుంటుందా అక్కడ?" అంటారు.
హువాంకాయో నుంచి వచ్చిన విల్మర్
రోజుకి రెండొందల సార్లు "బాగుంటుంది" అంటాడట.
అనీ అనీ ఇప్పుడు
నిజంగానే బాగుంటుందేమోనని అనుమానమొస్తోందట.

ఎలుగుబంటి వేషం వేసే కెమార్‌కి బిళ్ళ లేదు.
ఎలుగుబంటికి ఊరుండదు.
వేషంలో ఉండగా నోరు విప్పకూడదని నియమం,
అందుకని బస్సెక్కింది మొదలు వాడొక్కడే మాట్లాడుతూ పోతాడు,
ఎవరితోనో తెలీదు,
మాట మధ్యలోనే గురక.

నూర్జమాల్‌ది నారిన్. కిర్గిజ్ కొండల్లోనట.
పెద్ద కొయ్య రోలర్ కోస్టర్ దగ్గర ఆమె పని
ఒళ్ళోకి కడ్డీ దించడం,
కిందికి ఒకసారి నొక్కడం,
పైకి రెండుసార్లు లాగడం,
బొటనవేలెత్తి చూపడం.
గంటకి అయిదొందల మంది.
అరుస్తూ వెళ్తారు, అరుస్తూ వస్తారు,
ఎక్కిన చోటే దిగుతారు.
"మా ఊర్నించి ఇక్కడికి మూడు విమానాలు మారాం,
మిస్టర్ డ్వేన్, ఒక్కరూ అరవలేదు" అంది ఒకసారి.
నవ్విందో లేదో అద్దంలో సరిగ్గా కనబడలేదు.

వానొస్తే రైడ్లు ఆపేస్తారు.
రైడ్లు ఆగితే పనిగంటలుండవు.
గంటలు లేకపోయినా మంచం అద్దె మాత్రం
వారానికి తొంభై డాలర్లు
జీతంలోంచే కోసుకుంటారు.
జులైలో తొమ్మిది రోజులు వాన.
బెలూన్లమ్మే ఇయొనెలా ఆ వారం కొట్లోంచి తెచ్చుకున్నవి
ఉల్లిపాయలు, డజను గుడ్లు.
సంచీ తేలిగ్గా ఉందని నేనేమీ అనలేదు.
ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నాను.
మర్నాడు ఆమె గిన్నెడు క్యాబేజీ సూపు పంపింది.
రెండ్రోజులకి గిన్నె తిరిగొచ్చింది, తళతళా తోమి.
ఖాళీ గిన్నె ఇవ్వకూడదట వాళ్ళలో,
అడుగున ఒక పసుపుపచ్చ గుడ్డ చేప ఉంది,
రింగు సరిగ్గా విసిరితే పార్కువాళ్ళిచ్చే బహుమానం.
ఇప్పుడది మా ఫ్రిజ్ మీద కూర్చుని
మా ఇద్దరికేసీ చూస్తుంటుంది.

నా సంగతంటారా.
స్పార్కు ప్లగ్గుల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు
ఒకే మీట నొక్కాను.
ఫ్యాక్టరీ మూసేశారు, ఇప్పుడక్కడ గడ్డి, ఆ గడ్డికో కాపలావాడు.
ఏడేళ్ళయినా రాత్రిళ్ళు నా కుడిచెయ్యి
దుప్పటి మీద కిందికీ పైకీ ఆడుతుందని
మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా
కొట్టిపారేసేవాణ్ణి.

నిన్న రైలు గేటు పడింది.
గూడ్సు బండి, చచ్చేంత పొడుగు.
బస్సంతా నిద్ర.
అద్దంలో నూర్జమాల్,
తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి.
చెయ్యి మాత్రం ముందు సీటు కడ్డీ మీద
కిందికి ఒకసారి,
పైకి
రెండుసార్లు.
కాసేపాగి బొటనవేలు లేచింది.

బండి వెళ్ళిపోయింది, గేటు లేచింది,
వెనక ట్రక్కువాడు హారన్ మీద హారన్.
నా బెల్టు ఒకసారి లాగి చూసుకుని
మెల్లగా
బస్సు కదిపాను.