నాలుగింటి దాకా

"రిపోర్టు నాలుగింటికొస్తది" అన్నాడు
కిటికీ లోపలి పిల్లగాడు, తల ఎత్తకుండానే.
అప్పటికింకా ఒకటిన్నర.
ఎంజీఎం వరండాలో నేల కూడా నిండిపోయింది.
గోడకానుకుని కళ్ళు మూసుకున్న అక్క
"ఎటన్నా పోయిరా, నన్నే చూసుకుంట కూసోకు" అంది.

మే నెల పగటిపూట ఎటు పోతాం?
షేరింగ్ ఆటో ఖిలా దగ్గర దింపింది.
టికెట్ కొన్నాను,
నీడకు సుంకం కట్టినట్టు.

లోపల రాజులెవరూ లేరు.
నాలుగు దిక్కులా నాలుగు రాతి వాకిళ్ళు,
తలుపుల్లేవు, గోడల్లేవు.
ఎటునుంచి నడిచినా లోపలికి వచ్చినట్టే ఉంది,
ఎటునుంచి నడిచినా బయటపడినట్టు లేదు.
పైన అంచుమీద రాతి హంసలు,
ఏడెనిమిది వందల ఎండాకాలాల దప్పి.

వాటి కింద తోట.
తోటంటే పెద్దమాట.
కత్తిరించిన గడ్డి, అంచున ఎర్ర గన్నేర్లు,
రేకు తుప్పుపట్టి పేరు పోగొట్టుకున్న రెండు చెట్లు.
మధ్యమధ్య విరిగిన రాళ్ళు:
సగం తామర, నడుం దాకా ఏనుగు,
గజ్జెల కాలు ఒక్కటే మిగిలిన ఆటకత్తె.
ఒక్కోదానికీ తెల్ల పెయింటుతో ఓ నంబరు.
ఏనుగుది నూట నలభై.
నా జేబులో చీటీమీద రెండు వందల పదిహేడు.

పైపు పట్టుకున్న ముసలామె
గడ్డికన్నా ముందు ఒక రాతిని తడిపింది.
రాయి సుయ్‌మంది.
ఇంకోసారి తడిపి దానిమీద కూచుని
పైపు నా వైపు చాపింది.
"తాగు బిడ్డా. మొదటి నీళ్ళు కాలుతయి, పోనియ్యి.
ఆగితే సల్లటియి వస్తయి."

పేరు యాకమ్మ. రోజుకూలి.
"ఈ గడ్డి లారీల వచ్చింది, చాపలెక్క చుట్టుకొని.
నాలుగొద్దులు నీళ్ళు బంద్ జేస్తే సస్తది.
గిది మాత్రం ఎవ్వలు తేలే."
కొడవలి మొనతో కుళ్ళగించి తుంగ పీకింది.
"పద్దెనిమిదేండ్లాయె పీకబట్టి.
రాజుల మాలోల్లు గూడ పీకిన్రేమో,
నిజాం మనుషులు పీకిన్రేమో,
గిప్పుడు సర్కారోల్లు నాతోని పీకిపిస్తున్నరు.
పైన పీకుత, లోపట గడ్డ నవ్వుతది.
ఒకటి దొరికితే దారమేసి కట్టినట్టు ఇంకోటి."

లోపట గడ్డ అన్న దగ్గరే
నా చెవి ఆగిపోయింది.
పైపులో నీళ్ళు చెప్పుల మీదుగా పోతున్నాయి,
నేను కాలు తీయలేదు.

ఆమెకేం తెలుసు?
మొహం చూసి పోల్చుకుందో ఏమో,
గోరంత నల్లగడ్డను గీరి నా ముక్కు కింద పెట్టింది.
తడిమన్ను, కొంచెం కర్పూరం,
చంటిపిల్లల తలంటు సున్నిపిండి.
"సూసినవా? గడ్డలన్ని చెడ్డయి గావు."

నేనేమీ అనలేదు.
ఏది ఏదో చెప్పే కాగితం
నాలుగింటికి గదా వచ్చేది.
గడ్డను చొక్కా జేబులో వేసుకున్నాను,
చీటీతో పాటే.
యాకమ్మ అప్పటికే ఏనుగు వెనకకు పోయి
పైపును మడతల్లోంచి గుంజుతోంది,
ఎవరినో తిడుతోంది, బహుశా పైపునే.

మూడూ నలభైకి ఆటో ఎక్కాను.
చెప్పుల్లో తడి
అండర్‌బ్రిడ్జి దాటేలోపే ఆరిపోయింది.

అక్క అక్కడే ఉంది, అదే గోడకు.
"తోటల పూలున్నయా?"
"గన్నేర్లు."
పక్కన కూచోగానే నా జేబు దగ్గరకు వంగింది.
"ఏందిరా, సున్నిపిండి లెక్క..."
ఇంకోసారి పీల్చింది, కళ్ళు మూసుకుని.

కిటికీలోంచి పిలుస్తున్నారు:
రెండు వందల పదహారు.