నిమ్ము

ఇక్కడికొచ్చాకే పట్టించుకున్నాను,
మన భాషలో గోడకీ రొమ్ముకీ పట్టే జబ్బు
ఒకటేనని.

హాలిఫాక్స్‌లో, కొండవాలు మీద,
నూట ముప్పై ఏళ్ళ రాతి ఇల్లు.
మేం చూసింది జులైలో.
గోడలన్నీ కొత్త పెయింటేసుకుని
పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా ఉన్నాయి.

అక్టోబరు మూడోవారం
వెనక గదిలో, అల్మరా చాటున,
మొదటి చుక్క. ఆవగింజంత.
హిమజ కాటుక వేలు పెట్టిందేమో అనుకున్నా.
దీపావళి నాటికి
మూత లేని తాలింపులా చిట్లింది
గోడంతా.

శేషు సూటు భుజాల మీద నెరిసిన బూజు.
పట్టుచీర మడతల్లో ఒక వాసన:
తడి గోనెసంచీ, ముక్కిపోయిన బియ్యం,
మూత పెట్టి మరిచిన పచ్చడి జాడీ,
మూడూ కలిపి.

బ్లీచు కొట్టాను. వెనిగరు కొట్టాను.
తుడిచిన చోట తెల్లగా నవ్వి
పన్నెండో రోజుకి మళ్ళీ మొలిచేది.
బూజంటే నాకు తెలిసింది
కర్రకి చీపురు కట్టి దులిపేది.
ఇది దులిపితే పోయేది కాదు.
దీనికి వేరుంది.

రాత్రి రెండింటికి హిమజ దగ్గు.
ఒక చెయ్యి దాని వీపు మీద, ఒక చెయ్యి గోడ మీద.
ఒకటి కాలుతోంది, ఒకటి మంచు.
పేరు మాత్రం ఒకటే.

కంపెనీ నుంచి టై కట్టుకుని ఒక కుర్రాడొచ్చాడు.
రెండు ముళ్ళ మీటరు గోడకి గుచ్చితే
కీచుమంది.
ఎంతమంది ఉంటారు? ఎన్నిసార్లు వండుతారు?
బట్టలెక్కడ ఆరేస్తారు?
నేరం ఒప్పుకున్నట్టు చెప్పాను:
ముగ్గురం. రెండు పూటలా అన్నం. రేడియేటర్ల మీద.
రాసుకున్నాడు.
గోడకి ఇంజెక్షన్లు నాలుగు వేల పౌండ్లు,
ఆవిరి తగ్గించమన్న సలహా ఉచితం.

ఆ వారమంతా
కుక్కరు కూతేస్తే ఉలిక్కిపడి కిటికీ తెరిచాను.
స్వెటర్లలో వణుకుతూ పప్పన్నం తిన్నాం.
ఊపిరి కూడా పొదుపుగానే వదిలాం.

పక్కింటి నోరిస్,
నలభై ఏళ్ళు రాతిగోడలు కట్టి మానేసిన మనిషి,
మీటరు తేలేదు.
పుచ్చకాయ బేరమాడేవాడిలా
గోడని వేలి కణుపుతో కొట్టి విన్నాడు.
తర్వాత వానలో బయట నిలబడి
ఇంటిని పది నిమిషాలు ఊరికే చూశాడు.
నిచ్చెనుందా అన్నాడు.

వాననీళ్ళ గొట్టం గొంతులో చెయ్యి పెట్టి తీశాడు:
కుళ్ళిన ఆకులు, పావురం ఈకలు, గుప్పెడు నల్ల బురద,
ఆఖరికి ఒక టెన్నిస్ బంతి.
ఏ పిల్లాడు ఏ సాయంత్రం పైకి విసిరి
భోజనానికి పిలిస్తే మరిచిపోయాడో.
దాన్ని దాటలేక
అన్నేళ్ళ వానా పక్కకి తిరిగి
మా గోడలోకి నడిచింది.

నా అన్నం కాదు!
తెలుగులోనే అరిచాను, నిచ్చెన కింద నిలబడి.
నోరిస్ తలూపాడు, అర్థమైనట్టే.

ఎవరో ఎప్పుడో మెత్తిన సిమెంటు
ఇద్దరం కలిసి చెక్కేశాం.
రాయి తాగుతుంది, తాగింది వదలాలి,
దీని ముక్కూ నోరూ మూసేశారన్నాడు.
బకెట్లో సున్నం కలిపాడు.
ఆ వాసనకి
ఏడో తరగతిలో దొంగచాటుగా కిళ్ళీ చుట్టుకుని
పొక్కించుకున్న నాలుక
మళ్ళీ చురుక్కుమంది.

తొందరపడకు, అంగుళం ఆరడానికి నెల అన్నాడు.
గోడ మందం రెండడుగులు.
లెక్కవేసుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు మార్చి.
తడి అంచు
పేపరు మీద టీ మరకలా వెనక్కి జరుగుతోంది.
ఆదివారం ఆదివారం పెన్సిలు గీత గీసి తేదీ వేస్తున్నా.
కొన్ని వారాలు గీత కదలదు.
సూటు పారేశాం. చీర ఎండ కోసం చూస్తోంది.
దగ్గు తగ్గింది, పోలేదు.

బంతిని రెండుసార్లు ఉతికి
రేడియేటర్ మీద పెట్టాం.
ఇంకా ఎగరట్లేదు.
హిమజ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది,
డాక్టరులా మొహం పెట్టి చెప్పింది:
అమ్మా, దీనికీ నిమ్మే.