మూడో కట్టు

క్వారీలో మందు పేలి చర్చి గోడ అదిరితే
గూట్లోంచి మేత్రాణులవారు బోర్లా పడ్డారు.
కిరీటానికి దెబ్బ లేదు.
కుడిచెయ్యే, మోచేతి కాడ ఊడొచ్చింది.

పునీత వాల్డ్రికుస్ అని పీఠం మీద రాసుంటుంది.
మా అవ్వల నోట్లో అరిగరిగి వరదరాజయ్య అయినాడు.
తప్పేం కాదులే,
ఆయన కథంతా వరదే.

ఉపదేశి అరుళప్ప దగ్గర
చెమ్మకి అట్టగట్టిన చిన్న పుస్తకం ఉంది.
యాడనో చలిదేశం, ఏదో ఏరు,
ఏటా పడవ మునిగి పదిమందో పదిహేనుమందో.
పీఠమెక్కిన మొదటేడే ఈయన
పూజ వెండిగిన్నెలమ్మి వంతెన మొదలుపెట్టాడు.
దుడ్లు చాలక అంగీ ఎగగట్టి తనే రాళ్లు మోశాడు.
ఉంగరం తొడిగే చేతికి కాయలేందని
పెద్దోళ్లు నవ్వినారంట.
ఆపైన రెండు పేజీలు అతుక్కుపోయినాయి.
ఎవురూ విప్పలేదు.

"పుత్తూరుకి తీసకపోదాం" అన్నాడు సవరిముత్తు.
ఏడేళ్లోడు, పోయినేడు వాడి కాలు అతికింది ఆడనే.
నవ్వతానే దుప్పట్లో చుట్టి
చిత్తూరులో బస్సు మారినాం.
అర టికెట్టా అని అడిగినాడు కండక్టరు.

కట్టు కట్టే పెద్దాయన నవ్వలేదు.
పసరు నూరినాడు. తెల్లసొన పూసినాడు.
వెదురుబద్దలు పేరుస్తా, అలవాటు కొద్దీ,
"ఇరిగి ఎన్నాళ్లయింది?"

నిన్ననే అనబోయినాను.
బెంచీ మీద అరుళప్ప
బ్లేడుతో ఆ పేజీలు విప్పుతా విప్పుతా ఆగినాడు.

మూడో కమాను కాడ రాయి జారి
కుడిచెయ్యి నుజ్జయిందంట.
సరిగ్గా కట్టేవాడు దొరకలేదంట.
ప్రాణం పోయేదాకా ఎడంచేత్తోనే దీవించినాడంట.

బొమ్మ చేసినోడికి అది నచ్చుండదు.
కుడిచెయ్యి నిలువునా ఎత్తి పెట్టినాడు.

"ఎనిమిదొందల ఏండ్లు" అన్నాడు అరుళప్ప, మెల్లగా.
పెద్దాయన తల ఎత్తలేదు. ముడి బిగించి
"ఆలస్యంగా తెచ్చినారు" అన్నాడు.
"మూడు కట్లు పడతాయి. నీళ్లు తగలనీయొద్దు."
గుడ్డుకి మాత్రం దుడ్లు తీసుకున్నాడు.

ఇప్పుడు ఆదివారం పూజయినాక
క్రషర్లో రెండు వేళ్లు పోగొట్టుకున్న ఫిలోమినమ్మ
పాదాలు మొక్కదు.
మిగిలిన మూడు వేళ్లతో
ఆ మురికిగుడ్డని రవంతసేపు పట్టుకోనుంటుంది.

మూడో కట్టుకి పోవాల్సిన దినం దాటిపోయింది.
ఎవురమూ ఆ మాట ఎత్తడం లేదు.